మూడు గంటలకే మెలకువ

శ్రోతలకు నమస్కారం.

పలాసలో జీడిపప్పు ఒలిచే పనికి వెళ్లే ఒకామె గురించి చెబుతాను. పేరూ ఊరూ చెప్పను. తలపోటు, గుండెల మీద బరువు, అన్నం సయించకపోవడం. గ్యాసు అని మాత్రలు ఇచ్చారు, తగ్గలేదు. ఈసీజీ తీశారు. ఉద్దానం వైపు ఎవరికి నలతగా ఉన్నా భయం ముందు కిడ్నీల మీదికే పోతుంది కదా, ఆ పరీక్షా చేయించారు. అన్నీ బాగున్నాయి. ‘నీకేమీ లేదు’ అన్నారు. ఆ మాటతో ఆమె దిగులు ఇంకా పెరిగింది. గాలి సోకిందేమోనని అత్తగారు తాయెత్తు కట్టించారు.

నేను సైకియాట్రిస్టుని. శ్రీకాకుళంలో నా దగ్గరికి వచ్చేసరికి నెలలు గడిచిపోయాయి.

“నిద్ర ఎలా ఉందమ్మా?”

“మూడింటికే మెలకువ వచ్చేస్తుంది బాబూ. పనిలో కూర్చుంటే పప్పు చేతిలోనే ఉంటుంది, పొట్టు తీయబుద్ధి కాదు.”

“చచ్చిపోతే బాగుండునని అనిపిస్తోందా?”

సూటిగానే అడిగాను. అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందని ఇంట్లోవాళ్లు భయపడతారు. పుట్టదు. అడగండి, దయచేసి అడగండి. ఆమె బావురుమంది. పక్కన కూర్చున్న కొడుక్కి అప్పటిదాకా ఆ సంగతే తెలియదు.

థైరాయిడ్ మందగించినా ఇలాంటి దిగులే వస్తుంది కాబట్టి రక్తపరీక్ష రాశాను. సైకియాట్రిస్టు అంటే ఎంబీబీఎస్ చదివి, ఆపైన మనసు జబ్బుల వైద్యం నేర్చుకున్న డాక్టరు. ఒంటినీ చూస్తాడు, మనసునూ చూస్తాడు. పిచ్చివాళ్ల డాక్టరు అనే మాట ఎంతమందిని మా గుమ్మం దాకా రాకుండా ఆపేస్తోందో తలచుకుంటే బాధేస్తుంది.

దిగులు, నిద్రలేమి, దేనిమీదా ఆసక్తి లేకపోవడం రెండు వారాలు దాటితే రండి. చావు ఆలోచనలు వచ్చినా, ఎవరూ లేకుండానే మాటలు వినిపించినా, బాలింత తికమకగా మాట్లాడినా రెండు వారాలు ఆగకండి. ఆ రోజే రండి.

ఇక మందుల సంగతి. ఆమెది డిప్రెషన్, అంటే దిగులు జబ్బు. దానికి మందు రాశాను. ఆమె వారానికే తిరిగి వచ్చింది. “కడుపులో తిప్పుతోంది బాబూ, గుణం మాత్రం లేదు” అంది. డిప్రెషన్ మందులతో వికారం ముందు వస్తుంది, మేలు తర్వాత కనబడుతుంది. రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, ఒక్కోసారి ఇంకొంచెం ఎక్కువ. చాలామంది సరిగ్గా ఇక్కడే మానేస్తారు. మానకండి. ఇబ్బంది ఉంటే డాక్టరుకు చెప్పండి, మందు మాత్రం మానకండి. ఆమె మానలేదు. నెల తిరిగేసరికి అయిదింటిదాకా నిద్రపోతోంది. బాగుపడ్డాక కూడా కనీసం ఆరు నెలలు వాడాలి. ఆపేటప్పుడు డాక్టరు చెప్పినట్టు కొంచెం కొంచెంగా తగ్గించాలి.

డాక్టరు దగ్గరికి ఇంట్లోవాళ్లు ఒకరు తోడు వెళ్లండి, పాత చీటీలు పట్టుకెళ్లండి. వెంటనే వెళ్లే వీలు లేకపోతే ప్రభుత్వ టెలీ మానస్ సేవకు ఫోను చేయండి. డబ్బు కట్టనక్కర్లేదు, పగలూ రాత్రీ పలుకుతారు, తెలుగులోనే మాట్లాడవచ్చు. నంబరు 14416. రాసుకోండి: ఒకటి, నాలుగు, నాలుగు, ఒకటి, ఆరు.