రెండో బూటు ఎక్కడ? బడి తెరిచాక ఇంట్లో టెన్షన్

(తెర మీద: గుమ్మం దగ్గర ఒకటే బూటు.)

ఉదయం ఏడు నలభై ఐదు. రెండో బూటు మంచం కింద ఉందో, సోఫా వెనక ఉందో తెలీదు. అమ్మ అరుస్తోంది. నాన్న బండి తాళాలు ఆడిస్తూ గుమ్మంలో నిలబడ్డాడు. పిల్లాడేమో ఒక కాలికి సాక్సు తొడుక్కుని, గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. సెలవులయ్యాక మొదటి వారం మా ఇల్లూ ఇలాగే ఉండేది.

వాడికి బద్ధకమని తిట్టేవాణ్ణి. నిజానికి వాడి ఒళ్లు ఇంకా సెలవుల్లోనే ఉంది.

(తెర మీద: రెండు గడియారాలు. ఒకటి తొమ్మిదిన్నర, ఇంకోటి ఆరున్నర.)

సెలవుల్లో తొమ్మిదిన్నరకి లేచిన పిల్లాణ్ణి ఒక్కసారిగా ఆరున్నరకి లేపుతున్నాం. మూడు గంటల తేడా! రోజుకి 15 నిమిషాల చొప్పున ముందుగా లేపుతూ వస్తే అది సర్దుకోవడానికి 12 రోజులు పడుతుంది. అంటే రెండు వారాల ముందే మొదలుపెట్టాలి.

బడి ఇప్పటికే తెరిచేశారా? అయితే పడుకునే టైము కోసం రాత్రి యుద్ధం చేయకండి. లేచే టైము పట్టుకోండి. లేవగానే కర్టెన్లు తీసేయండి, వెలుగు కళ్ళలో పడాలి. ఒంట్లోని గడియారాన్ని ముందుకు తెచ్చేది ఆ వెలుగే. రాత్రి పూట ఫోన్ వెలుగు దానికి సరిగ్గా రివర్స్‌లో పనిచేస్తుంది.

6 నుంచి 12 ఏళ్ల పిల్లలకి 9 నుంచి 12 గంటలు, 13 నుంచి 18 ఏళ్ల వాళ్లకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ చెబుతోంది. టీనేజ్‌లో నిద్ర తెప్పించే మెలటొనిన్ ఆలస్యంగా ఊరుతుంది. పదింటికి నిద్ర రావట్లేదని మీ అమ్మాయి అంటే అది మొండితనం కాదు.

(తెర మీద: కడుపు పట్టుకుని కూర్చున్న పాప.)

"అమ్మా, కడుపు నొప్పి."

శనివారం రాని నొప్పి సోమవారం వస్తే నాటకమనుకుంటాం. అది నిజమైన నొప్పే. భయపడితే పేగుల కదలిక మారుతుంది. పరీక్ష ముందు మనకీ కడుపులో తిప్పేది కదా! జ్వరం, వాంతులు, నిద్రలోంచి లేపేసే నొప్పి, బరువు తగ్గడం ఉంటే డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే. అవేమీ లేకపోతే బడికి పంపడమే మేలు. ఈ రోజు ఇంట్లో ఉంచితే ప్రాణం హాయిగా ఉంటుంది, రేపటి భయం మాత్రం పెరుగుతుంది. "నొప్పిగా ఉందని నాకు తెలుసు. అయినా వెళ్దాం, సాయంత్రం నేనే వస్తా" అంటే చాలు. ఊరికే "తగ్గిందా, తగ్గిందా" అని అడగొద్దు, మర్చిపోయిన నొప్పిని గుర్తు చేసినట్టవుతుంది.

వారాలు గడిచినా తగ్గకపోతే మాత్రం బ్రేక్‌లో ఎవరితో ఆడుతోందో, ఎవరంటే భయమో నెమ్మదిగా కనుక్కోండి. టీచరుతో మాట్లాడండి.

సాయంత్రం ఇంటికొచ్చి పెన్సిల్ విరిగిందని గంటసేపు ఏడ్చినా కంగారు పడకండి. రోజంతా బిగబట్టుకున్నది ఇంట్లో వదిలేస్తారు. ముందు తినడానికి ఏదైనా పెట్టి, ఓ అరగంట వదిలేయండి. ప్రశ్నలు తర్వాత అడగొచ్చు.

(తెర మీద: ఫ్రిజ్ మీద అంటించిన కాగితం.)

ఇక పెద్దవాళ్ల సంగతి. అట్టలు వేయాల్సిన పుస్తకాలు, సంతకం పెట్టాల్సిన ఫారం, బిగుతైపోయిన యూనిఫాం... ఈ జాబితా మొత్తం చాలా ఇళ్లలో ఒక్కరి బుర్రలోనే ఉంటుంది. రెండోవాళ్లు మంచివాళ్లే. "ఏం చేయాలో చెప్పు, చేస్తా" అంటారు. నేనూ అన్నాను. గుర్తుపెట్టుకుని చెప్పడం కూడా పనేనని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. అందుకే కాగితం మీద రాసి, పనుల్ని పూర్తిగా పంచుకోండి. యూనిఫాం నాదైతే చిరిగిందో లేదో చూడటం, కొనడం, ఉతకడం అన్నీ నావే. ఎవరూ గుర్తు చేయకూడదు.

(తెర మీద: రాత్రి. గుమ్మం దగ్గర బూట్లు రెండూ, లోపల సాక్సులు.)

ఇప్పుడు మా ఇంట్లో పడుకునే ముందు వాడే బూట్లు తెచ్చి ఇక్కడ పెడతాడు. నిన్న ఉదయం బూట్లు రెండూ ఉన్నాయి.

నీళ్ల సీసా మూత కనబడలేదు.