పాజ్ చేసి చూసుకోవాలా నా పేరు?

(ప్రపంచ ఫొటోగ్రఫీ దినోత్సవం సందర్భంగా ఆగస్టు 19న తెనాలిలో జరిగిన ఫొటో, వీడియోగ్రాఫర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. అధ్యక్షులవారికి, కార్యదర్శిగారికి, కోశాధికారిగారికి, ఉప్మా వేడిగా అందించిన వంటవాళ్లకి, శ్రావణమాసంలో ఆర్డర్లు పక్కనపెట్టి వచ్చిన తమ్ముళ్లకి, మైకు సెట్టు కుర్రాడికి... ఇంకెవరినైనా మర్చిపోతే చెప్పండి, మళ్లీ మొదలుపెడతాను. పేర్లు మర్చిపోతే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. అది తర్వాత చెబుతాను.

శాలువా కప్పారు, సంతోషం. ముప్పై ఏళ్లుగా ఒకరికొకరు శాలువాలు కప్పుకుంటుంటే తీసినవాణ్ని. ఇప్పుడు నాకు కప్పుతుంటే అలవాటు కొద్దీ కెమెరా ఎటుందో చూసుకున్నాను గానీ, కప్పినవారి మొహం చూడలేదు. ఏమనుకోవద్దు.

నాకిచ్చిన విషయం, ఇంట్లో కంప్యూటర్ మీదే సినిమా టైటిల్స్‌లాగా పేర్లు కింది నుంచి పైకి పాకించడం ఎలా అని. ఇరవై నిమిషాలిచ్చారు. ల్యాప్‌టాప్ తెచ్చాను, అన్నీ సిద్ధం చేసుకున్నాను. ప్రొజెక్టరుకి పెట్టే వైరు దీనికి పట్టడం లేదు. కుర్రాడు పిన్ను కోసం బజారుకెళ్లాడు. వాడొచ్చేదాకా నోటితోనే చెబుతాను. శాలువా కూడా ఉందిగా, పనికొస్తుంది.

ముందు అందరూ అడిగేది ఆ ఏటవాలు టైటిలు. పసుపు అక్షరాలు మన కాళ్ల దగ్గర మొదలై ఆకాశంలోకి సన్నబడిపోతాయే, అది. 1977లో వచ్చిన స్టార్ వార్స్‌తో లోకమంతా తెలిసింది. ఆ అక్షరాలు కంప్యూటర్‌లో చేసినవి కావు. పొడుగాటి పలక మీద అక్షరాలు వేయించి, కింద పరిచి, దాని మీదుగా కెమెరాని నడిపించారు. ఆ ఊహ కూడా కొత్తదేం కాదు, 1930, 40లలో అమెరికాలో వారం వారం ఆడిన సీరియల్ సినిమాల్లోది.

ఇదిగో, శాలువా బల్ల మీద పరుస్తున్నాను. ముందు వరసలో పెద్దాయనా, మీరొకసారి వచ్చి బల్ల అంచుకి గడ్డం ఆనించి చూడండి. జరీ అంచు దగ్గర వెడల్పు, అవతలికి పోయేకొద్దీ ఇరుకు. అవునా? ఇప్పుడు శాలువాని అవతలికి లాగుతాను. పువ్వులు చూడండి. ఏ పువ్వూ దానంతటది వంగలేదు. బట్ట వాలి ఉంది, పువ్వు బట్టతోపాటు పోతోంది. మన కుర్రాళ్లు చేసే తప్పు ఇక్కడే. అక్షరాలని వంచి, ఆ తర్వాత పైకి కదుపుతారు. అప్పుడు వంకర అక్షరాలు నిలువుగా లేస్తాయి తప్ప దూరం పోవు. ముందు మామూలు స్క్రోల్, అంటే పేర్లు నిటారుగా కింది నుంచి పైకి పాకేది, చెయ్యండి. దాన్నంతా ఒక్క క్లిప్‌గా కట్టెయ్యండి. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లలో ప్రీమియర్‌లో దీన్ని నెస్ట్ అంటాం, డావిన్సీలో కాంపౌండ్ క్లిప్. ఆ మూటకి బేసిక్ త్రీడీ అనే ఎఫెక్టు పెట్టి వాల్చండి. అది లేని సాఫ్ట్‌వేర్‌లో కార్నర్ పిన్ ఉంటే పై మూలలు రెండూ లోపలికి లాగండి. పైన నల్లగా కలిసిపోవడానికి అంచు మెత్తబరిచిన మాస్క్, అంటే ముసుగు, ఒకటి. ఇంకో సంగతి, వాల్చిన పేజీలో ఎక్కువ వరసలు కనపడతాయి కాబట్టి లోపలి సీక్వెన్స్ ఎత్తు 1080 పిక్సెళ్లు, అంటే తెర మీది చుక్కలు, సరిపోదు. నేనైతే మూడింతలు, 3240 పెడతాను. అంతే ఈ విద్య. పెద్దాయనా, ఇక లేవొచ్చు.

నిజానికి ఇంత శ్రమ లేకుండా ఒకప్పుడు ఇళ్లలోనే చేసేవాళ్లు. 2000లో విండోస్ ఎంఈతోపాటు మూవీ మేకర్ వచ్చింది. తర్వాత ఎక్స్‌పీలో దాని టైటిళ్ల జాబితాలో ఈ ఏటవాలు స్క్రోల్ కూడా ఉండేది, ఒక్క నొక్కు నొక్కితే చాలు. 2017 జనవరి 10తో మైక్రోసాఫ్ట్ దానికి మంగళం పాడింది. పుట్టినరోజు వీడియోకి మా అమ్మాయి దాంట్లోనే పేర్లు వేసింది. నా దగ్గర ఎడియస్ లాంటి ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉండగా, దాంట్లో! ఉడుక్కున్నాను గానీ, పేర్లు చక్కగా చదవడానికొచ్చాయి.

ఇక్కడ మా గురువుగారి సంగతి చెప్పాలి. అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. చూడండి సార్, నేను చూడను.

మా గురువుగారు సైన్‌బోర్డులు రాసే ఆర్టిస్టు. వీహెచ్‌ఎస్ రోజుల్లో పెళ్లి క్యాసెట్టుకి టైటిళ్లు ఆయనే. నల్ల చార్టులు మైదా జిగురుతో అతికించి బారుగా పట్టీ చేసేవారు. దాని మీద తెల్ల పోస్టర్ కలర్‌తో పేర్లు. చెక్క పెట్టెలో కిందొక అప్పడాల కర్ర, పైనొక అప్పడాల కర్ర. కింది కర్రకి చుట్టిన పట్టీని పై కర్రకి ఎక్కించి తిప్పుతుంటే ముందు కెమెరా రికార్డు చేసేది. "రామ... రామ..." అని లోపల అనుకుంటూ తిప్పేవారు. ఆ నామమే ఆయనకి ఫ్రేమ్ రేటు.

ఒకరోజు నన్ను తిప్పమన్నారు. నేనూ రామ రామ అనుకుంటూనే తిప్పాను. మొదటి పేర్లు పద్ధతిగా వెళ్లాయి, చివరివి పరుగెత్తాయి. ఎందుకో చెప్పండి? ఎవరైనా? ...ఆఁ, ఆ తమ్ముడు చెప్పాడు. పై కర్రకి కాగితం చుట్టుకునేకొద్దీ చుట్ట లావవుతుంది. అదే ఒక్క తిప్పుకి ఎక్కువ కాగితం లాగుతుంది. గురువుగారు చివరికొచ్చేసరికి నామాన్ని సాగదీసేవారు. నేను గమనించనేలేదు. ఆ రోజు తిట్టిన తిట్లు వేదిక మీద చెప్పేవి కావు.

ఇప్పుడు కంప్యూటరు ఆ తప్పు చెయ్యదు, మొదటి నుంచి చివరిదాకా ఒకటే వేగం. తప్పు చేసేది మనం. ఎలాగంటే, చాలా సాఫ్ట్‌వేర్లలో స్క్రోల్ వేగానికి వేరే మీట ఉండదు. క్లిప్ పొడుగే వేగం. చివర పట్టుకుని లాగితే నెమ్మది, కుదిస్తే జోరు. పాట అయిపోతోంది, పేర్లింకా ఉన్నాయి, అప్పుడు మన చెయ్యి ఎటు పోతుంది? నిజం చెప్పండి. కుదిస్తాం. నేనూ కుదించాను.

2009. ఇక్కడికి దగ్గర్లోనే ఒక పల్లెటూళ్లో పెళ్లి. చివర్న బంధువుల పేర్లన్నీ పడాలన్నారు. కాగితం మీద 86 పేర్లు రాసిచ్చారు. పాటలో మిగిలింది 22 సెకన్లు. కూర్చోబెట్టాను అన్నీ. ఆ కాలపు టీవీ తెర ఎత్తు 576 గీతలు. వరసకి 48 చొప్పున 86 వరసలు 4128. ఆఖరి పేరు పైకి దాటిపోవడానికి తెర ఎత్తు ఇంకో 576. మొత్తం 4704. సెకనుకి 25 ఫ్రేముల, అంటే 25 బొమ్మల, లెక్కన 22 సెకన్లకి 550 ఫ్రేములు. భాగించండి. ఫ్రేముకి ఎనిమిదిన్నర పైచిలుకు. ఆ అర దగ్గరే గొడవ. తెర మీద అర పిక్సెల్ ఎక్కడిది? ఒకసారి ఎనిమిది, ఒకసారి తొమ్మిది దూకినట్టు, లేదా మసకగా, పేరు వణుకుతుంది. పైగా సెకనుకి దాదాపు నాలుగు పేర్లు. మనవాళ్ల ఇంటిపేర్లు ఎంతుంటాయో తెలుసుగా.

డీవీడీలిచ్చిన నాలుగోరోజు పెళ్లికూతురు మేనమామగారు మా షాపుకొచ్చారు. ఈయనే ఆ పిల్లని బుట్టలో కూర్చోబెట్టి మండపానికి మోసుకొచ్చింది. మనిషి బక్కపలచన. ఆ రోజు మోస్తూ ఆయన పడ్డ ఆయాసం క్లోజప్‌లో తీశాను కాబట్టి చూడగానే గుర్తుపట్టాను. టీ చెప్పాను. తాగలేదు. "ఏవయ్యా, ఊరందరి పేర్లూ వేశావట, నా పేరు లేదేం?" అన్నారు. "ఉందండీ, నా చేత్తో కొట్టాను" అన్నాను. పెట్టి చూపించాను. "ఏదీ?" "వెళ్లిపోయిందండీ." మళ్లీ పెట్టాను. "ఏదీ?" "ఇదిగో, ఇప్పుడే వెళ్లింది." మూడోసారి రిమోటు పట్టుకుని కాచుకుని కూర్చుని పాజ్ నొక్కాను. దొరికింది. కానీ ఇంటర్లేస్ వీడియో కదా, ఆగిన బొమ్మలో రెండు క్షణాలు గీత విడిచి గీత కలిసి ఉంటాయి. ఆయన పేరు దువ్వెన పళ్లలాగా చీలి కనపడింది. కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని చూసి, ఒక్క మాటన్నారు. "పాజ్ చేసి చూసుకోవాలా నా పేరు?"

నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

ఆ రాత్రి మళ్లీ చేశాను. ఫ్రేముకి సరిగ్గా రెండు పిక్సెళ్లు. 2352 ఫ్రేములు, 94 సెకన్లు. పాట చాల్లేదు, నాదస్వరం బిట్టు తెచ్చి కలిపాను. పది డీవీడీలు నా ఖర్చుతో రాసిచ్చాను. పాత బాకీ 6,000 మాత్రం ఇంతవరకూ రాలేదు, అది వేరే సంగతి. వాళ్లవాళ్లెవరైనా ఈ సభలో ఉంటే, నేను అడగడం లేదు, గుర్తు చేస్తున్నానంతే.

కాబట్టి తమ్ముళ్లూ, ఫోన్లు కాస్త కింద పెట్టి ఈ లెక్క రాసుకోండి. ఇప్పటి హెచ్‌డీ ఎత్తు 1080. ముప్పై పేర్లు, పేరుకి 108 చొప్పున 3240. తెర ఎత్తు కలిపితే 4320. ఫ్రేముకి 3 పిక్సెళ్లు, అంటే 1440 ఫ్రేములు. 25 ఫ్రేముల టైమ్‌లైన్ మీద 57 సెకన్ల 15 ఫ్రేములు. క్లిప్‌ని సరిగ్గా అక్కడ కొయ్యండి. ఒక్కో పేరు తెర మీద 14 సెకన్ల పైన ఉంటుంది. ఫ్రేముకి 4 పెడితే 43 సెకన్లు చిల్లర, అదీ పరవాలేదు. మూడున్నర మాత్రం పెట్టొద్దు. పాట చాలకపోతే పాటని పొడిగించండి, పేర్లని తొక్కకండి.

ఇందాకటి నుంచీ లెక్కలే చెబుతున్నాను, మన అక్షరం మాట ఎత్తనేలేదు. ఇంగ్లీషు వాడికి వరసల మధ్య జాగా కొంచెం చాలు. మనకి పైన గుడి, కింద వత్తు. పై పేరు వత్తు కింది పేరు గుడిలో గుచ్చుకుంటుంది. సాఫ్ట్‌వేర్ తనంతట తానిచ్చే జాగా నమ్మొద్దు, పెంచండి. సన్నటి గీతల ఫాంటు కదిలితే మిణుకుమంటుంది, లావుది తీసుకోండి. ఉచితంగా దొరికే రామభద్ర ఉంది, బండగా ఉంటుంది, కదిలినా చెదరదు. తెనాలి రామకృష్ణ అని కూడా ఫాంటుంది, మన ఊరి పేరు కదా అని మురిసిపోయి పెళ్లిళ్లకి వాడేస్తారేమో, ముందు కదిలించి చూసుకోండి.

వత్తు ఊడిపడే జబ్బు కూడా ఉంది. 'లక్ష్మి' అని కొడితే క, ష, మ విడివిడిగా పొల్లులతో పడతాయి. ప్రీమియర్‌లో అయితే ప్రిఫరెన్సెస్‌లో గ్రాఫిక్స్ దగ్గరికెళ్లి టెక్స్ట్ ఇంజన్‌ని దక్షిణాసియా భాషలకి మార్చండి, అతుక్కుంటుంది. అను అనే పాతరకం తెలుగు ఫాంట్లలో కొట్టినవాళ్లకి ఇంకో ప్రమాదం. ఆ ఫాంటు లేని సిస్టంలో ప్రాజెక్టు తెరిస్తే పెళ్లికూతురి పేరు బదులు ఇంగ్లీషు అక్షరాల చెత్త వస్తుంది. నా కంట పడింది కాబట్టి సరిపోయింది, పడకపోతే ఇంకో మేనమామ వచ్చుండేవారు. ఈ తలనొప్పులన్నీ ఎందుకని చాలామంది పేర్లు ఇంగ్లీషులో వేసేస్తున్నారు. మీ చేత పేరు వేయించుకునే మామ్మకి ఇంగ్లీషు రాదయ్యా! ఆవిడ ఆ వీడియో పెట్టమనేదే తన పేరు కోసం.

చీటీ వచ్చింది. "భోజనాలు రెడీ" అని ఉంది. ఇది చీటీయా, శాపమా? ఇంకొక్కటే. ఆఖరి పేరు ఎవరిది పెట్టాలన్నది మీరూ మీకు ఆర్డరిచ్చినవాళ్లూ తేల్చుకోండి. సినిమాల్లో దర్శకుడి పేరు చివర్న పడుతుందని అందరికీ తెలుసు కాబట్టి అందరికీ ఆఖరి జాగాయే కావాలి. ఆ తగువులో నేను దూరను.

వైరు కుర్రాడు రాలేదు. సరే, ఇది తెచ్చాను, చూడండి. సంచిలోంచి తియ్యమ్మా, జాగ్రత్త. గురువుగారి పట్టీ. ఇద్దరు రండి, చెరో చివర పట్టుకోండి. తిరగెయ్యకు, అక్షరాలు ఇటు. పోస్టర్ కలర్ కొంచెం రాలింది గానీ వెనక వరస నుంచి కూడా చదవచ్చు, చదవండి. ఇదిగో, ఇక్కడితో పేర్లయిపోయాయి. తర్వాత చూశారా, రెండు జానలు ఉత్త నలుపు. కాగితం దండగ కదా అని నేనొకసారి కోసేశాను. పేరు పైకి వెళ్లీ వెళ్లకముందే వెనక నుంచి అప్పడాల కర్ర వచ్చింది కెమెరాలోకి, పిండి మరకతో సహా. ఆ తర్వాత మళ్లీ రెండు జానలు అతికించిందీ నేనే. అదిగో, ఆ అతుకు కనపడుతోందే, అది నాది. సాఫ్ట్‌వేర్‌లో 'ఎండ్ ఆఫ్‌స్క్రీన్' అనే టిక్కు ఇదే పని చేస్తుంది, మర్చిపోకుండా పెట్టండి. మెల్లగా చుట్టండి బాబూ, ఆ చివర నుంచి.