వడ్డాణం ముందు, హోల్‌స్టర్ తర్వాత

లలిత: మూర్తిగారూ, రికార్డింగు ఎర్ర దీపం వెలిగిందా? సరే. నమస్కారం. డాలస్ పక్కన ఫ్రిస్కో నుంచి లలిత, శైలజ. ఆడవాళ్లు రోజంతా ఒంటిమీద ఉంచుకోగలిగే హోల్‌స్టర్, అంటే పిస్టల్ పెట్టుకునే ఒర, ఎలా ఎంచుకోవాలో ఈ వారం చెబుతామన్నాం. చెబుతాం.

శైలజ: పోయిన వారమూ అదే అన్నాం. పచ్చడి సీసా గొడవ టైమంతా మింగేసింది.

లలిత: ఆ సీసా ఊసు ఎత్తకు. మూర్తిగారు ఇంకా కోలుకోలేదు.

శైలజ: (నవ్వు) తుపాకీ మేం పెట్టుకోవచ్చా అని అడిగారు కదా, ముందు ఆ ఉత్తరాల సంగతి తేల్చేస్తాను. టెక్సస్‌లో 2021 సెప్టెంబరు 1 నుంచి 21 ఏళ్లు నిండినవారు లైసెన్సు లేకుండానే పిస్టల్ వెంట ఉంచుకోవచ్చు. కానీ అది అందరికీ వర్తించదు. హెచ్1బీ లాంటి వీసా మీద ఉన్నవారిని ఫెడరల్ చట్టం ఆపుతుంది. వేట లైసెన్సు వంటి ఒకటి రెండు మినహాయింపులు తప్పిస్తే తుపాకీ దగ్గర ఉండటమే నేరం. గ్రీన్‌కార్డు ఉన్నవారి సంగతి వేరు.

లలిత: పక్కింటాయన చెప్పాడని కొట్టుకు వెళ్లకండి. లాయరును అడగండి. ఇక అసలు విషయం. మొదట కొనాల్సింది హోల్‌స్టర్ కాదు...

శైలజ: వడ్డాణం.

లలిత: వడ్డాణమే! నవ్వితే నవ్వారు గాని, గట్టి బెల్టు లేకుండా ఏ హోల్‌స్టర్ కొన్నా డబ్బు దండగ. సిగ్ పీ365 లాంటి చిన్న పిస్టలే ఖాళీగా దాదాపు అర కిలో ఉంటుంది. తూటాలు నింపితే ఇంకా బరువు. మెత్తటి బెల్టుకు తగిలిస్తే పైభాగం బయటికి వాలిపోయి, పిడి చొక్కా కింద నుంచి తన్నుకొస్తుంది. అప్పుడు అందరూ హోల్‌స్టర్‌ను తిడతారు.

శైలజ: అక్కా, బెల్టు పట్టే బట్టలు నేను ఎప్పుడు వేస్తాను? ఆఫీసుకు కుర్తీ, లెగ్గింగ్స్. గుడికి చీర. అందుకే నా పిస్టల్ హ్యాండ్‌బ్యాగులో ఉంటుంది. దానికోసమే కుట్టిన బ్యాగు. వేరే అర, దానికి జిప్పు, లోపల హోల్‌స్టర్. నాకు అదే సుఖం.

లలిత: మొదలైంది.

శైలజ: మొదలుపెట్టింది నువ్వే.

లలిత: ఒక్క ప్రశ్న. మనవాళ్ల ఇంట్లో పిల్లల పుట్టినరోజుకు వెళ్తాం. బ్యాగులన్నీ ఎక్కడ పడేస్తారు?

శైలజ: పడకగదిలో, మంచం మీద.

లలిత: కోట్లు, బ్యాగులు అన్నీ ఒకే కుప్ప. ఆ గదిలో గంతులేసేది ఎవరు?

శైలజ: నేను నా బ్యాగు ఆ కుప్పలో వేయను. భుజానికే ఉంటుంది.

లలిత: పప్పు, పులిహోర, పెరుగు వడ పెట్టిన పళ్లెం ఒక చేతిలో, మంచినీళ్లు ఇంకో చేతిలో. భుజం నుంచి బ్యాగు జారుతుంది. కుర్చీకి తగిలిస్తావు. ఎవరో ఫొటోకు పిలుస్తారు, లేచి వెళ్తావు. ఇంతలో మా చిన్నది "పిన్నీ, చూయింగ్ గమ్ ఉందా" అంటూ బ్యాగు తెరుస్తుంది. దానికి నీ బ్యాగంటే మిఠాయి కొట్టు కదా?

శైలజ: మీ చిన్నది అడగకుండా తెరవదు.

లలిత: అడిగి తెరిచే పిల్లలు మన చుట్టాల్లో ఇంకా పుట్టలేదు. ఐడహో రాష్ట్రంలో హేడెన్ అనే ఊరు. 2014 డిసెంబరు 30. ఒక తల్లి పిల్లలతో కలిసి పెద్ద దుకాణానికి వెళ్లింది. రెండేళ్ల బాబు తోపుడు బండిలో కూర్చుని ఉన్నాడు. ఆమె బ్యాగులో చెయ్యి పెట్టాడు. అదీ పిస్టల్ కోసమే కుట్టిన బ్యాగే. వేరే అర, దానికీ జిప్పు. తుపాకీ పేలి తల్లి అక్కడే చనిపోయింది. తుపాకులు తెలియని మనిషేమీ కాదు.

శైలజ: తెలుసు. ఈ కథ నాకు చెప్పావు. కారులో చెప్పావు, మా అమ్మ ముందు కూడా చెప్పావు.

లలిత: నువ్వు బ్యాగు మార్చే వరకు చెబుతాను.

శైలజ: అక్కా, రాత్రి పదకొండింటికి ఖాళీ పార్కింగులో కారు దాకా నడిచేది నేను. నీకు పగటి ఉద్యోగం. గేటు ఉన్న కాలనీ. ఒంటిమీద పెట్టుకోవడానికి నేను ప్రయత్నించలేదని అనుకుంటున్నావా? కూర్చుంటే పిడి పక్కటెముకల్లో గుచ్చుకుంటుంది. సీటు బెల్టు దాన్ని ఇంకా లోపలికి నొక్కుతుంది. ఇంటికెళ్లి చూసుకుంటే కమిలిపోయి ఉంటుంది. నువ్వేమో నాకు ఏమీ తెలియనట్టు మాట్లాడతావు.

లలిత: అలా అనలేదమ్మా.

శైలజ: అన్నావు.

లలిత: సరే, అనేశాను. కానీ ఆ పార్కింగులో దొంగ ముందు లాక్కునేది దేన్ని? నీ బ్యాగునే. అందులోనే నీ తాళాలు, నీ ఫోను, నీ పిస్టల్.

శైలజ: ...

లలిత: విమానాశ్రయాల సంగతి చూడు. 2023లో అమెరికాలో ప్రయాణికుల చేతి సామాన్లలో 6,737 తుపాకులు దొరికాయి. వాటిలో నూటికి 93 తూటాలు నింపినవే. పట్టుబడ్డవాళ్లలో చాలామంది చెప్పేది ఒకటే మాట, బ్యాగులో ఉందన్న సంగతే మరిచిపోయామని. నడుముకు ఉన్నదాన్ని మరిచిపోవు.

శైలజ: గుచ్చుకుంటూ ఉంటే ఎలా మరిచిపోతాను? తప్పు నా నడుముదా? మగవాడి నడుము కొలిచి హోల్‌స్టర్ చేస్తారు, దాన్నే గులాబీ రంగులో పోతపోసి మనకు అమ్ముతారు. గులాబీ రంగు వేస్తే గుచ్చుకోదా?

లలిత: అది మాత్రం నిజం. మన దేశంలో నిర్భీక్ అని తెచ్చారు, గుర్తుందా? కాన్పూర్ ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ, 2014 జనవరి. ఆడవాళ్ల కోసమన్నారు. .32 రివాల్వర్, అర కిలో బరువు, ధర 1,22,360 రూపాయలు.

శైలజ: ముదురు ఎరుపు నగల పెట్టెలో పెట్టి ఇచ్చారు కదా! ఆడవాళ్లంటే పెట్టె కావాలని ఎవరో గట్టిగా నమ్మారు.

లలిత: ఆ పెట్టెలో వడ్డాణం పెట్టి ఉంటే నేనే మొదట కొనేదాన్ని.

శైలజ: (నవ్వు) నీతో కష్టం. సరే, బెల్టు లేని నాలాంటి వాళ్లకు ఏం చెబుతావు? మూర్తిగారు గడియారం చూపిస్తున్నారు.

లలిత: గబగబా చెప్పేస్తాను. ట్రిగ్గర్ పూర్తిగా మూసుకోవాలి, పైన గట్టి తొడుగు ఉండాలి. కైడెక్స్ అనే గట్టి ప్లాస్టిక్ అయితే మంచిది. బెల్లీ బ్యాండ్లు, అంటే పొట్ట చుట్టూ వేసుకునే గుడ్డ పట్టీలు, మెత్తగా, హాయిగా ఉంటాయి, కానీ వట్టి గుడ్డ మీదుగా ట్రిగ్గర్‌ను నొక్కే వీలున్నవి వద్దు. మనకు నడుము పొట్టి, తుంటి దగ్గర వంపు. పక్కన పెడితే ఆ వంపు హోల్‌స్టర్ కింది భాగాన్ని బయటికి నెడుతుంది, పిడి వచ్చి పక్కటెముకలకు తగులుతుంది. నీ కమిలిన చోటు అదే.

శైలజ: మరి ముందువైపు పెడితే?

లలిత: బొడ్డుకు కాస్త పక్కగా పెట్టి చూడు. గొట్టం కొన దగ్గర మెత్తటి దిండులాంటిది అతికిస్తే కొన బయటికి, పిడి లోపలికి వాలుతుంది. పక్కన క్లా అని చిన్న రెక్క ఉంటుంది, అది బెల్టును ఆనుకుని పిడిని ఒంటివైపు తిప్పుతుంది. ఎత్తు కూడా మార్చుకోవచ్చు. కొట్టులో నిలబడి చూసి కొనకు. కూర్చో, వంగు, చెప్పుల బెల్టు పెట్టుకో. ఇంట్లో కొన్నాళ్లు ఖాళీ పిస్టల్‌తో తిరుగు.

శైలజ: లెగ్గింగ్స్‌కు?

లలిత: ఫిల్‌స్టర్ ఎనిగ్మా లాంటివి ఉన్నాయి. దానికి సొంత పట్టీ ఉంటుంది, నీ బట్టలతో పని లేదు. చీర కుచ్చిళ్ల కింద మాత్రం నేను హామీ ఇవ్వను. కుర్తీ అయితే పక్క చీలిక కొంత సాయం చేస్తుంది, కానీ పొడవాటి అంచును గుప్పిట పట్టి పైకి లాగితే తప్ప చెయ్యి అందదు. అది ఇంట్లో, ఖాళీ పిస్టల్‌తో అలవాటు చేసుకోవాలి. తిరిగి పెట్టేటప్పుడు తొందర అసలే వద్దు. చున్నీ కొస, పైట కొంగు, కుర్తీ అంచు, ఏది ట్రిగ్గర్ సందులో ఇరుక్కున్నా పేలవచ్చు. తల వంచి చూసి, గుడ్డ తప్పించి, మెల్లగా.

శైలజ: బ్రా హోల్‌స్టర్ గురించి ముగ్గురు రాశారు.

లలిత: దానికి వచ్చేవారం కావాలి. నాకు నచ్చదు, ఎందుకో చెప్పాలంటే మూర్తిగారు గదిలోంచి వెళ్లాలి.

శైలజ: (నవ్వు) ఆ ఎనిగ్మా కుర్తీ కింద కనిపించదా?

లలిత: శనివారం రా, నాది పెట్టుకుని చూద్దువు. పిస్టల్ ఖాళీ చేసే ఇస్తాను, నువ్వూ తెరిచి చూసుకో.

శైలజ: నీ పిస్టల్‌కు సరిపోయే తొడుగు నాదానికి ఎలా సరిపోతుంది? నీది గ్లాక్.

లలిత: ముందు పట్టీ సంగతి చూద్దాం. తొడుగు తర్వాత కొనవచ్చు.

శైలజ: శనివారం పాపకు డ్యాన్సు క్లాసు ఉంది. ఆదివారం?

లలిత: ఆదివారం మా మరిది వాళ్లు వస్తున్నారు. పొద్దున్నే వస్తావా, ఎనిమిదింటికి... మూర్తిగారూ, ఇది ఇంకా రికార్డవుతోందా? ఆపండి.