‘అమ్మ’ అని చదవడానికి ఏడాది ఆగాలా?

(తెలుగు భాషా దినోత్సవం నాడు ఒకటి, రెండు తరగతుల ఉపాధ్యాయుల సమావేశంలో చేసిన ప్రసంగం)

వేదిక మీద ఉన్న పెద్దలకు, ఎదురుగా కూర్చున్న టీచర్లందరికీ నమస్కారం. పేరుపేరునా పిలిచి పలకరిస్తే పావుగంట పోతుంది. ఆ పావుగంట కూడా పిల్లల పుస్తకాల కోసమే వాడుకుంటాను, అనుమతించండి.

ఆగస్టు 29 గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజు. 1863లో పుట్టారు. వాడుక భాష కోసం ఆయన చేసిన పోరాటం గురించి ఈ రోజు ప్రతి సభలోనూ చెబుతారు. ఆయన సవర గిరిజనుల భాష నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ళ మాటల్లోనే పాఠాలు రాశారన్న సంగతి మాత్రం తక్కువమంది చెబుతారు. నేను చెప్పబోయేదానికి ఆ రెండో సంగతే దారి చూపుతుంది. పిల్లవాడి నోట్లో ముందే ఉన్న మాట మొదటి పుస్తకంలో ఉండాలి.

ఇప్పుడు మీ తరగతి గోడ మీదున్న అక్షరమాల చార్టు గుర్తు తెచ్చుకోండి. ‘అ’ దగ్గర ఏ బొమ్మ ఉంది? అమ్మ. ‘ఇ’ దగ్గర? ఇల్లు. బడిలో చేరిన మొదటి రోజే మకు మ వత్తు, లకు ల వత్తు పిల్లల కళ్ళ ముందు పెడుతున్నాం. పెట్టి, ‘అ ఒక్కటే చూడు, మిగతాది ఇప్పుడు వద్దు’ అంటున్నాం. ఆ ‘మ్మ’ దగ్గరికి ఎప్పుడొస్తాం? అచ్చులు అయ్యాక, హల్లులు అయ్యాక, గుణింతాలన్నీ దిద్దించాక. మధ్యలో ఋషి దగ్గర ఆగుతాం. ఙ, ఞ పలకలేక పలికిస్తాం. వాచకాల్లో పద్ధతి చాలావరకు మారిందని నాకు తెలుసు. గోడ మీది చార్టు మారలేదు, ట్యూషన్ మారలేదు, మన చెయ్యి అలవాటు మారలేదు.

వత్తులు రాలేదు కాబట్టి ఈలోగా పిల్లలకు ఏం చదివిస్తాం? అల, వల, గద, అరక, పలక, బలపం. ‘గద’ పట్టుకుని ఏ పిల్లవాడూ ఇంటి నుంచి బడికి రాడు.

పిల్లల ఇంటి మాటలు ఒకసారి గట్టిగా అనుకుందాం. నాతో అనండి. అమ్మ, నాన్న, అక్క, అన్న, చెల్లి, తమ్ముడు, అత్త, అమ్మమ్మ, తాతయ్య. అన్నం, పప్పు, ఉప్పు, నెయ్యి, పచ్చడి, గుడ్డు. కుక్క, పిల్లి, చెట్టు, పువ్వు. ముక్కు, కన్ను, పొట్ట, జుట్టు. చేసే పనులు చూడండి: తిన్నాను, వచ్చాను, ఎక్కాను, పడ్డాను, నవ్వాను, ఇచ్చాను. వత్తు లేకుండా తెలుగు పిల్లవాడి ఒక్క పూట గడవదు. వత్తులను చివరికి నెట్టామంటే వాడి ఇంటిని, తిండిని, ఆటని అన్నిటినీ చివరికి నెట్టినట్టే. ఈ రోజు నా ఫిర్యాదు ఇదొక్కటే. మళ్ళీ మళ్ళీ చెబుతాను, ఏమీ అనుకోకండి.

‘వత్తులు కష్టం కదండీ’ అంటారు. ఒక హల్లు కింద వేరే హల్లు వత్తు వచ్చే సంయుక్తాక్షరాలు కష్టం, ఒప్పుకుంటాను. ద్విత్వాలు, అంటే హల్లు కింద దాని వత్తే వచ్చేవి, వేరు. క్క, గ్గ, చ్చ, ట్ట, డ్డ, త్త, ద్ద, న్న, ప్ప, బ్బ, మ్మ, య్య, ల్ల, వ్వ, ళ్ళ. ఈ పదిహేనూ వస్తే ఇంటి మాటల్లో చాలా భాగం చదవొచ్చు. వీటిలో కొన్ని వత్తులు తలకట్టు తీసేసిన అసలు అక్షరంలాగే ఉంటాయి, ‘గుడ్డు’లో డ వత్తు లాగ. చూడగానే పోల్చుకుంటారు. త, న, మ, య, ల వత్తులకు అసలు అక్షరంతో పోలిక ఉండదు. వాటిని కంటితో పట్టుకోవాల్సిందే. అవి ఎక్కడున్నాయో చూశారా? అత్త, అన్న, అమ్మ, అయ్య, చెల్లి. కష్టమైన ఐదూ పిల్లవాడికి అందరికంటే దగ్గరివాళ్ళ పిలుపుల్లోనే ఉన్నాయి. అక్కడ కాక ఇంకెక్కడ నేర్పుతాం?

సరే, పుస్తకం సంగతికి వద్దాం. పెన్ను తీయండి, ఇది రాసుకోండి. పుస్తకం పేరు ‘నా కంచం’. పేజీకి ఒక వాక్యం, పైన ఒక బొమ్మ.

అన్నం ఉంది.
పప్పు ఉంది.
నెయ్యి ఉంది.
పచ్చడి ఉంది.
అప్పడం ఉంది.
ఉప్పు లేదు!

ఆరు వాక్యాలు, ఎనిమిది వేర్వేరు మాటలు. అట్ట ఒక పేజీ, వెనక అట్ట ఒక పేజీ, మధ్యలో ఆరు. మొత్తం ఎనిమిది పేజీలు. ఇందులో ఉన్న అచ్చులూ హల్లులూ అ, ఉ, న, ప, య, చ, డ, ద, ల, అంటే తొమ్మిదే. గుణింతంలో గుడి, కొమ్ము, ఎత్వం, ఏత్వం, వాటితో పాటు సున్న. ద్విత్వాలు నాలుగు: న్న, ప్ప, య్య, చ్చ. ప్ప మూడు చోట్ల వస్తుంది, కావాలనే అలా పెట్టింది. ‘ఉంది’ ఐదు పేజీల్లో కదలకుండా ఉంటుంది, దాని ముందు మాట ఒక్కటే మారుతుంది. ఆఖరి పేజీలో చట్రం విరగాలి. అక్కడ ‘లేదు’ అని రాకపోతే పిల్లవాడు కళ్ళు మూసుకుని ‘ఉంది’ అనేస్తాడు. ఆ విరుపు దగ్గరే చదువుతున్నాడో అప్పజెబుతున్నాడో తెలిసిపోతుంది. నవ్వు కూడా అక్కడే వస్తుంది. ఉప్పు లేని పప్పు ఎలా ఉంటుందో వాడికి తెలుసు.

రెండో పుస్తకంలో పని మాట పెట్టండి. గట్టు ఎక్కాను. చెట్టు ఎక్కాను. బల్ల ఎక్కాను. బండి ఎక్కాను. నాన్న భుజం ఎక్కాను. నిద్ర వచ్చింది. ‘నిద్ర’లో సంయుక్తాక్షరం ఉందని భయపడకండి. పుస్తకం మొత్తానికి అలాంటిది ఒకటి ఉంటే పిల్లలు మాటను మాటగా పట్టేస్తారు, మూడు నాలుగు ఉంటే ఆగిపోతారు. పిల్లల రోజువారీ పుస్తకాల్లో ‘స్నానం చేశాను’ అని పెడుతుంటారు. మొదటి పుస్తకాల్లో ‘నీళ్ళు పోసుకున్నాను’ అనండి. ఇళ్ళల్లో వినబడేదీ అదే, చదవడానికి తేలికైనదీ అదే.

ఊరిని బట్టి మాట మార్చుకోండి. తెలంగాణ పిల్లలకు పచ్చడి పేజీలో ‘తొక్కు ఉంది’ అని రాయండి. చిన్నపిల్లలకు అన్నం బదులు ‘బువ్వ’. రాయలసీమలో ‘ముద్ద ఉంది’. ఏ మాట పెట్టినా ద్విత్వం పోలేదు చూడండి! పుస్తకంలో ‘ఎక్కాను’ అని ఉంటే పిల్లవాడు ‘ఎక్కిన’ అని చదివాడనుకోండి, తప్పని కొట్టేయకండి. అర్థం తెలిసింది, తన నోటి మాటలోకి మార్చుకున్నాడు. ‘సరే, ఇక్కడ చివరి అక్షరం ఏముంది?’ అని వేలు పెట్టించండి, చాలు. ‘చెట్టు’ను ‘చేటు’ అని చదివి ముందుకు పోతే అప్పుడు ఆపాలి, ఎందుకంటే అర్థం పోయినా వాడికి తెలియలేదు. ఈ రెండు తప్పులనూ ఒకే ఎర్ర పెన్నుతో దిద్దకూడదు. కోయ, సవర, గోండు పిల్లలున్న బడుల్లో మొదటి పుస్తకం వాళ్ళ భాషలో, తెలుగు లిపిలో ఉండాలి. ఆ ఊరి వాళ్ళను ఒకరిని పక్కన కూర్చోబెట్టుకుని రాయించండి.

తరగతిలో ఎలా నడపాలి? ఒక్కో పుస్తకానికి ఐదు రోజులు, రోజుకు ఒక పీరియడు. మొదటి రోజు చదివించవద్దు. బొమ్మలు చూపించి మాట్లాడించండి. ‘మీ కంచంలో నిన్న రాత్రి ఏముంది?’ తర్వాత మీరు వేలు పెట్టి, మామూలు మాటలాగా చదవండి. రాగం తీయవద్దు. రెండో రోజు మీరు ఒక వాక్యం, పిల్లలు అదే వాక్యం. ఇక్కడ వేలు ముఖ్యం. ‘అన్నం’ అంటున్నప్పుడు వేలు ‘అన్నం’ మీదే ఉందా? చాలామంది పిల్లలు ‘అ’ దగ్గర ఒకసారి, ‘న్నం’ దగ్గర ఒకసారి వేలు పెడతారు, ‘ఉంది’కి వచ్చేసరికి మాట అయిపోతుంది, వేలు మిగిలిపోతుంది. మాటల మధ్య ఖాళీ చాలకపోతే ఇలా జరుగుతుంది. ఆ ఖాళీ ఒక అక్షరమంత వెడల్పు ఉండాలి.

మూడో రోజు వాక్యాలను అట్టముక్కల మీద రాసి, కత్తిరించి, కలిపి ఇవ్వండి. పుస్తకం చూసి పేర్చుకుంటారు. తర్వాత మాటలను కత్తిరించండి. ఎక్కడ కత్తిరించాలో చూసుకోండి. ‘అన్నం’ రెండు ముక్కలు: అ, న్నం. న ఒకటి, న వత్తు ఒకటి, సున్న ఒకటి అని ముక్కలు చేయకండి. మన చెవికి వినబడే ముక్క అక్షరం. గుర్తుల పేర్లు చెప్పించడమే చదివించడం అనుకుంటాం. ‘పకు కొమ్మిస్తే పు, పు కింద ప వత్తిస్తే ప్పు’ అని గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పిన పిల్లవాడిని ‘ఇంతకీ ఏం మాట?’ అని అడగండి. మొహం చూస్తాడు. ‘ప్పు’ చూపించి ‘ప్పు’ అనే అనిపించండి. ద్విత్వం వినిపించడానికి ‘మామ’, ‘అమ్మ’ పక్కపక్కన చెప్పించండి. ‘అమ్’ దగ్గర పెదవులు మూసి కాసేపు ఆగుతాయి. ఆ ఆగడమే వత్తు అని చెప్పండి, అద్దం ఉంటే చూపించండి.

నాలుగో రోజు మాటలు మార్చే ఆట. ‘ఉంది’ అట్టముక్క అలాగే ఉంచి ముందు మాట పిల్లలే పెట్టాలి. ‘అక్క ఉంది’, ‘కుక్క ఉంది’, ‘అప్పడం లేదు’. ఐదో రోజు ఒక్కొక్కరూ సొంత పేజీ రాయాలి. ‘గుడ్డు ఉంది’ అని రాసి గుడ్డు బొమ్మ వేస్తే ఆ పిల్లవాడు ఈ పుస్తకం దాటేశాడు. డ వత్తు వంకరగా ఉన్నా సరే.

ఎక్కడెక్కడ చెడుతుందో కూడా చెప్పాలి. బొమ్మ స్పష్టంగా లేకపోవడం పెద్ద తప్పు. పప్పు గిన్నె గీస్తే ‘సాంబారు’ అంటారు. బొమ్మలో ఒక్క వస్తువే ఉండాలి. పిల్లలకు పోల్చుకునేలా లేకపోతే పప్పు పేజీ తీసేసి వేరే మాట పెట్టండి. ఇంకో తప్పు, తడబడగానే మనం అందించేయడం. మనసులో ఐదు అంకెలు లెక్కపెట్టుకుని ఆగండి. అప్పటికీ రాకపోతే ‘మొదటి అక్షరం చూడు’ అనండి, మాట మీరు చెప్పకండి. అందరూ కలిసి చదివేటప్పుడు గట్టిగా అరిచేవాళ్ళ వెనక చదవనివాళ్ళు దాక్కుంటారు. అందుకే రోజూ నలుగురైదుగురిని విడిగా కూర్చోబెట్టుకోవాలి. కంఠస్థం పట్టారేమోనని అనుమానం వస్తే వెనక పేజీ నుంచి ముందుకు చదివించండి, బొమ్మను కాగితంతో మూసి చదివించండి. రెండో రోజు కంఠస్థంగా చెబితే తప్పు లేదు, అలాగే మొదలవుతుంది. ఐదో రోజు కూడా అంతే అయితే వాడికి ముక్కల ఆట చాలలేదని అర్థం.

మధ్యలో ఒక మాట. 2021 జూలైలో చిన్న తరగతుల చదువు, లెక్కల కోసం కేంద్ర ప్రభుత్వ పథకం నిపుణ్ భారత్ వచ్చింది కదా, రెండో తరగతి పూర్తయ్యేసరికి నిమిషానికి 45 నుంచి 60 మాటలు చదవాలన్నారు. ‘తోముకుంటున్నాను’ కూడా మన లెక్కలో ఒక్క మాటే! ఆరు అక్షరాలు. హిందీలో ఇదే సంగతి చెప్పాలంటే మూడు నాలుగు చిన్న మాటలవుతాయి. గడియారం పట్టుకుని లెక్కపెట్టేటప్పుడు పెద్దలు ఈ తేడా గుర్తుంచుకోవాలి. పిల్లలను తరమకండి. పరుగులో వత్తు మింగేస్తారు, ‘చెట్టు’ ‘చెటు’ అయిపోతుంది, మళ్ళీ మొదటికి వస్తాం.

అసలు అడగాల్సింది ఒకటుంది. మీ బడి బీరువా తాళం ఎవరి దగ్గరుంది? ఒకసారి చేతులెత్తండి, గత నెలలో పిల్లలకు బీరువా పుస్తకాలు ఇచ్చినవాళ్ళు. సరే, దించండి. మంచి పుస్తకాలు ఉన్నాయి, బడికి చేరాయి, స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కాయి, అక్కడే ఆగాయి. చిరిగితే ఎవరు జవాబు చెప్పాలన్న భయం. హెడ్మాస్టర్లకు చేతులెత్తి నమస్కరించి అడుగుతున్నాను. ఒకటో తరగతి పుస్తకం పిల్లల చేతుల్లో నలగకుండా చదువు రాదు. వెన్ను మీద వెడల్పు టేపు అంటించండి, కిటికీకి పురికొస కట్టి బట్టల క్లిప్పులతో పిల్లల చేతికందే ఎత్తులో వేలాడదీయండి. చిరిగినవి రిజిస్టర్‌లో కొట్టేయండి. ఆడిట్‌కు వచ్చే పెద్దలు కూడా ఈ మాట వింటారని ఆశ.

బీరువాలో లేకపోయినా దారి ఉంది. ప్రథమ్ బుక్స్ వాళ్ళ వెబ్‌సైట్ స్టోరీవీవర్‌లో తెలుగు పుస్తకాలు ఉచితంగా దొరుకుతాయి, మొదటి స్థాయివి తీసుకుని అచ్చు వేసుకోవచ్చు. హైదరాబాద్‌లోని ‘మంచి పుస్తకం’ అనే ప్రచురణ సంస్థ వాళ్ళవి తక్కువ ధరకు వస్తాయి. సొంతంగా కంప్యూటర్‌లో చేసుకునేవాళ్ళు అక్షరం 28 పాయింట్లకు తగ్గించకండి. అలంకారపు ఫాంట్లు వద్దు, ‘మండలి’ లాంటి సాదా ఫాంటు చాలు. అసలు తంటా వరుసల మధ్య దూరంతో వస్తుంది. ఇంగ్లీషుకు పెట్టే దూరం పెడితే పై వరుస వత్తు కింది వరుస గుడిలో గుచ్చుకుంటుంది. ఒకటిన్నర రెట్లు పెట్టండి. మాటను సగంలో విరిచి కింది వరుసకు దించకండి.

ఇక మాటలు చాలు, పని మొదలుపెడదాం. మీ ముందు ఏ3 కాగితాలు ఉన్నాయి. ఒకటి తీసుకుని మూడుసార్లు సగానికి సగం మడవండి, విప్పితే ఎనిమిది గళ్ళు వస్తాయి. ఇప్పుడు పొట్టి అంచులు రెండూ కలిసేలా ఒక్కసారి మడవండి. మడత ఉన్న వైపు నుంచి నడిమి గీత వెంట ఒక గడి పొడవు మాత్రమే కత్తిరించండి. అక్కడే ఆగండి, ఇంకా ముందుకు పోతే పుస్తకం రెండు ముక్కలవుతుంది. విప్పి, ఈసారి పొడుగ్గా మడిచి, రెండు చివర్లూ పట్టుకుని లోపలికి తోయండి. మధ్యలో కోసిన చోటు నోరు తెరుస్తుంది, చుట్టూ మడిస్తే ఎనిమిది పేజీలు. ముందు మడిచి, తర్వాతే రాయండి. విప్పిన కాగితం మీద రాస్తే సగం పేజీలు తలకిందులవుతాయి.

ఎడమవైపు వాళ్ళు తిండి మీద, మధ్యలోవాళ్ళు ఆటల మీద, కుడివైపు వాళ్ళు పొద్దున లేచి తయారవడం మీద రాయండి. ప్రతి పుస్తకంలో కనీసం మూడు ద్విత్వాలు ఉండాలి, ఆఖరి పేజీ చట్రం విరగాలి. రాశాక పక్కవాళ్ళకిచ్చి వెనక నుంచి ముందుకు చదివించండి. కత్తెరలు ఈ బల్ల మీద ఉన్నాయి, వరుసకు ఒకరు వచ్చి తీసుకెళ్ళండి.