ఆవకాయ ప్యాకెట్ "పాస్" అయిందా? రిపోర్టులో ఈ ఒక్క లైను చూడండి!

అందరికీ నమస్కారం! ఆవకాయ ప్యాకెట్ల గొడవ మీకు తెలిసిందే. "నూనె పచ్చడిని ప్లాస్టిక్‌లో ఎలా పెడతారు?" అని కొనేవాళ్లు, "మాది ఫుడ్ గ్రేడ్, ల్యాబ్‌లో పాస్" అని అమ్మేవాళ్లు. నేను చెప్పేది ఒక్కటే. "పాస్" అన్న మాట వదిలేయండి. దేంట్లో నానబెట్టి పాస్ చేశారో అది చూడండి!

ప్లాస్టిక్‌లోంచి తిండిలోకి ఎంత దిగుతుందో చూసేదే మైగ్రేషన్ పరీక్ష. మన దగ్గర దానికి పద్ధతి ఐఎస్ 9845 అనే భారతీయ ప్రమాణం. తిండి బదులు సిమ్యులెంట్ అనే ద్రవంలో ప్లాస్టిక్ ముక్కని నానబెడతారు. నీళ్ల సరుక్కి డిస్టిల్డ్ వాటర్, పులుపుకి 3 శాతం ఎసిటిక్ ఆసిడ్, నూనెకి ఎన్-హెప్టేన్. మామూలుగా నిలవ ఉండే సరుకైతే నీళ్లు, ఆసిడ్ 40 డిగ్రీల్లో 10 రోజులు. హెప్టేన్ 38 డిగ్రీల్లో 30 నిమిషాలు. మరి ఆవకాయ? పులుపూ ఉంది, నూనే ఉంది. రెండూ చెయ్యాలి! డిస్టిల్డ్ వాటర్ ఒక్కటే ఉన్న రిపోర్టు మంచినీళ్ల బాటిల్‌కి పనికొస్తుంది, ఆవకాయకి కాదు.

ఇంకో మాట. కాచిన నూనె వేడివేడిగా ప్యాకెట్‌లో పోశారా, 40 డిగ్రీల పరీక్ష చెల్లదు. నీళ్లు, ఆసిడ్‌లతో 70 డిగ్రీలో 100 డిగ్రీలో, 2 గంటల పరీక్ష కావాలి. వేడి సాంబారు కవర్లో కట్టిచ్చే హోటళ్లకీ ఇదే వర్తిస్తుంది!

నానబెట్టాక ద్రవాన్ని గిన్నెలో ఆవిరి చేసి, అడుగున మిగిలింది తూస్తారు. తేలేది కొన్ని మిల్లీగ్రాములే. గిన్నె పూర్తిగా చల్లారకపోయినా, దానికి వేలి జిడ్డు అంటినా అంకె తప్పు. ప్లాస్టిక్ ముక్క లేకుండా ఉత్త ద్రవాన్ని కూడా ఆవిరి చేసి, ఆ బరువు తీసేయాలి. పైగా ఆవిరయ్యే పదార్థాలు ఆవిరితోనే పోతాయి, ఈ తూకంలో అవి కనపడవు.

ఇప్పుడు అసలు విషయం. ఇలా దిగేదానికి మన ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ పెట్టిన పరిమితి ఎంత? కిలో తిండికి 60 మిల్లీగ్రాములు "లేదా" చదరపు డెసిమీటరు (10 సెంటీమీటర్లు బై 10) ప్లాస్టిక్‌కి 10 మిల్లీగ్రాములు. ఆ "లేదా" దగ్గరే నాకు మండుతుంది! కిలో తిండికి 6 చదరపు డెసిమీటర్ల ప్లాస్టిక్ తగిలితేనే ఆ రెండు అంకెలూ ఒకటవుతాయి. 50 గ్రాముల పచ్చడి ప్యాకెట్ తీసుకోండి. 8 సెంటీమీటర్లు బై 10, రెండు వైపులా కలిపి 1.6 చదరపు డెసిమీటర్లు. పరిమితి అంచున పాసైతే 16 మిల్లీగ్రాములు దిగొచ్చు. కిలో లెక్కన 320! అరవైకి అయిదు రెట్లు పైన! ప్రతి ప్యాకెట్‌లోనూ అంత దిగుతోందని నేను అనడం లేదు. అంత దిగినా కాగితం మీద పాసే అంటున్నాను. చిన్న ప్యాకెట్‌కి కిలో లెక్కే పెట్టాలి, అదే నా వాదన.

అమ్మేవాళ్లని మూడే అడగండి. ఏ సిమ్యులెంట్? ఎన్ని డిగ్రీలు, ఎంతసేపు? అంకె ఎంత, ఏ యూనిట్‌లో? జవాబొస్తే ప్యాకెట్ కొలతలతో సహా కామెంట్లో పెట్టండి, కిలోకి ఎంతో లెక్కగట్టి చెప్తా.