తల్లి కోరిక మేరకు

సభకు నమస్కారం.

పేదల వాడలోకి డబ్బున్నవాళ్లు వచ్చి చేరడం, దాంతో కిరాయిలూ భూముల ధరలూ పెరిగి పాతవాళ్లు అక్కడ నిలవలేక వెళ్లిపోవడం అనే పరిణామానికి, 1964లో లండన్ వాడల గురించి రాస్తూ రూత్ గ్లాస్ అనే సమాజశాస్త్రవేత్త జెంట్రిఫికేషన్ అని పేరు పెట్టారు. మన ఓరుగల్లులో ఆ మాట ఎవరూ వాడరు. "కిరాయి కట్టలేక పోయిండ్రు" అంటారు. అలా పోయినవాళ్ల పిల్లల గురించి, వాళ్లు వదిలివెళ్లిన సర్కారు బడి గురించి నేను మాట్లాడతాను.

1934లో మొదలైన ఆజంజాహి బట్టల మిల్లు చుట్టూ కార్మికుల వాడలు పెరిగాయి. మిల్లు మూతపడింది, దాని నేల ఇళ్ల స్థలాలుగా మారింది. 2016లో వరంగల్ స్మార్ట్ సిటీల జాబితాలో చేరింది. రోడ్లు వెడల్పయితే, నాలాలు బాగుపడితే నాకు సంతోషమే. 2020 ఆగస్టు వరదలో మునిగిన ఇళ్లను చూసినవాళ్లెవరూ ఆ పనులు వద్దనరు. అయితే వాడ బాగుపడగానే రేకుల ఇళ్లున్న చోట మూడంతస్తుల భవనాలు లేస్తాయి, వాటి కిరాయి హమాలీ కూలికి అందదు.

నేను ప్రధానోపాధ్యాయుడిగా ఉన్నప్పుడు, ఒక జనవరిలో, నాలుగో తరగతి అమ్మాయిని వెంటబెట్టుకొని వాళ్లమ్మ వచ్చింది. ఏనుమాముల మార్కెట్‌లో మిర్చి తొడిమెలు తీసే పని ఆమెది. వేళ్లు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. "సారు, ఇల్లు కూలగొడుతున్నరు, వారంల ఖాళీ చేయమన్నరు, కాగితం ఇయ్యండి" అంది. ఎక్కడికి పోతున్నావమ్మా అంటే, "ఇంకా దొరకలే" అంది. బడి మారే పిల్లకు ఇచ్చే రికార్డు షీటులో బడి మానడానికి కారణం రాసే గడి దగ్గర నా కలం ఆగింది. చివరికి అందరికీ రాసినట్టే "తల్లి కోరిక మేరకు" అని రాశాను. అది ఆమె కోరిక కాదని నాకు తెలుసు. ఆ అబద్ధానికి నేను ఇప్పటికీ బాధపడతాను.

ఆ ఒక్క కాగితంతో బడిలో జరిగేది చిన్న నష్టం కాదు. విద్యాహక్కు చట్టం లెక్కలో ప్రాథమిక పాఠశాలకు 60 మంది పిల్లల దాకా ఇద్దరు ఉపాధ్యాయులు, 61 నుంచి ముగ్గురు, 91 నుంచి నలుగురు. అంటే హాజరు పట్టికలో అరవై ఒకటో పేరు కొట్టేస్తే, పిల్లల సంఖ్యను బట్టి టీచర్లను సర్దే హేతుబద్ధీకరణ వచ్చినప్పుడు మూడో టీచరు పోస్టుకే ఎసరు. ఇద్దరు మనుషులు ఐదు తరగతులు చెప్పే బడిని చూసి, వాడలో మిగిలిన తల్లిదండ్రులూ అప్పు చేసి ప్రైవేటు బడికి పంపుతారు. పిల్లలు 25కు తగ్గితే మధ్యాహ్న భోజనం వండే ఇద్దరిలో ఒకరి పని పోతుంది, ఆమె కూడా తరచుగా ఆ వాడ మనిషే. ఆ పైన బడిని ఇంకో బడిలో కలిపేసే విలీనం మాట వస్తుంది.

అమెరికాలో ఈ కథ వేరుగా నడుస్తుంది. అక్కడ బడి నిధుల్లో పెద్ద భాగం స్థానిక ఆస్తి పన్ను నుంచి వస్తుంది; కొత్తగా వచ్చినవాళ్లలో కొందరు పిల్లల్ని వాడ బడిలోనే చేర్చి చందాలు పోగుచేస్తారు, అప్పుడు పాతవాళ్ల మాట బడిలో చెల్లుతుందా అన్నది అక్కడి తగువు. మన దగ్గర ఆ తగువుకు కూడా చోటు లేదు, ఎందుకంటే కొత్త ఇళ్ల పిల్లలు సర్కారు బడి గోడ పక్కనే నిలబడి ప్రైవేటు బడి పసుపు బస్సు ఎక్కుతారు. వాళ్ల తల్లిదండ్రులను నేను తప్పుపట్టను. కానీ ఆ వాడలో గొంతున్న మనిషి ఎవరికీ ఆ బడితో సంబంధం లేకుండా పోతుంది, పైకప్పు కారినా అడిగేవారుండరు.

పేదలు వెళ్లే శివారు వాడల్లో తరగతి గదులు కిక్కిరుస్తాయి, ఇక్కడేమో ఖాళీ అవుతాయి. విద్యాహక్కు చట్టం ఐదో సెక్షన్ ప్రకారం కాగితం ఆలస్యమైనా కొత్త బడి పిల్లను చేర్చుకోవాలి. ఈ సంగతి ఆ మిర్చి కూలి తల్లికి చెప్పవలసింది బడే. అందుకే విద్యాశాఖను నేను కోరేది ఇది: పిల్లలు తగ్గారని బడిని విలీనం చేసే ముందు, మూడేళ్ల రికార్డు షీట్లు తీసి ఒక్కొక్క పిల్ల ఎక్కడ చేరిందో, అసలు చేరిందో లేదో కనుక్కోండి. కారణం గడిలో "ఇల్లు ఖాళీ చేయించినందున" అని రాయడానికి ప్రధానోపాధ్యాయులకు అనుమతినివ్వండి. పిల్లల్ని బడిలో చేర్చడానికి ఇంటింటికీ తిరిగే ఈ జూన్ బడిబాటలో మన టీచర్లు తలుపు తట్టవలసిన ఇళ్లు వాడలో లేవు, రింగు రోడ్డు అవతల ఉన్నాయి.