పూలు రాలిన ఆర్కిడ్, మా వియ్యపురాలు

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకీ, ఇంత ఎండలో మేడెక్కి వచ్చిన మీకూ. పేరుపేరునా చెబితే నాకిచ్చిన పది నిమిషాలూ దానికే సరిపోతాయి. వంటింటి చెత్తతో ఎరువు గురించి మాట్లాడమన్నారు నన్ను. అది మీ అందరికీ తెలిసిందే కదా. నేను ఆర్కిడ్ సంగతి చెప్తాను. కార్యదర్శిగారూ, ఏమీ అనుకోకండి.

మూడేళ్ల కిందట మా గృహప్రవేశానికి మా వియ్యపురాలు ఆర్కిడ్ కుండీ తెచ్చారు. ఫెలనాప్సిస్ అంటారు దాన్ని. తెల్లటి పూలు, రెండున్నర నెలలు ఒక్కటీ వాడలేదు. ఆ తర్వాత వారంలో అన్నీ రాలిపోయాయి. మిగిలింది నాలుగు ఆకులు, ఒక పుల్ల. "పోయిందే" అన్నారు మావారు. సరిగ్గా అప్పుడే ఆవిడ ఫోను, పండక్కి వస్తున్నామని. ఇక చూడండి నా టెన్షన్! పొద్దున నీళ్లు, సాయంత్రం నీళ్లు. ఆ పింగాణీ కుండీకి అడుగున చిల్లు లేదు. ఇప్పటికీ చిల్లులేని కుండీల్లోనే అమ్ముతున్నారు, అడిగేవాళ్లే లేరు.

కింది ఆకు పసుపెక్కింది. నర్సరీకి పరుగెత్తాను. తెల్లవి లేవన్నాడు. రంగెవరు గుర్తుపెట్టుకుంటార్లే అని ఊదారంగుది తెచ్చి అదే కుండీలో పెట్టేశాను. ఆవిడ వచ్చారు, కాఫీ తాగారు, చూశారు. "నేనిచ్చింది తెల్లది కదా వదినగారూ!"

పాతదాన్ని పారెయ్యబోతూ వేళ్లు చూశాను. మధ్యలో తడినాచు ఉండ, దాని చుట్టూ చిన్న ప్లాస్టిక్ బుట్ట. వేరు పట్టుకుంటే పైతొక్క జారిపోయి లోపల దారం మిగిలింది. కుళ్లిందన్నమాట. కానీ మూడు వేళ్లు గట్టిగా, వెండిరంగులో ఉన్నాయి. అంటే చెట్టు బతికే ఉంది! రాలింది పూలేనమ్మా, పూలే!

కత్తెర స్టవ్ మంట మీద కాల్చి, చల్లారాక కుళ్లినవి తీసేశాను. చుట్టూ చిల్లులున్న కుండీలో ఇటుక ముక్కలు, కట్టెబొగ్గు, కొబ్బరిడొక్క ముక్కలు. మట్టి చెంచాడు కూడా వద్దు. అడవిలో ఇది చెట్ల కొమ్మలు పట్టుకుని బతికే మొక్క. మన మామిడిచెట్ల మీద వాండా ఆర్కిడ్లు ఉంటాయి చూడండి, బదనిక అనుకుని పీకేస్తారు పాపం. బదనిక చెట్టు రసం తాగుతుంది. ఇది ఊరికే కూర్చుంటుందంతే.

అయ్యో, బల్ల దగ్గరెవరండీ! ఆ నీళ్ల సీసా పక్కన పెట్టండి. అది మా ఊదారంగుదే, పూలు లేవని ఎండిపోయిందనుకోకండి. ఇప్పుడేగా చెప్పాను!

వేళ్లు చూసి నీళ్లు పొయ్యాలి. ఆకుపచ్చగా ఉంటే ఆగండి, వెండిరంగుకు తిరిగితే పొయ్యండి. పొద్దున పూటే. ఆకుల నడిమి మొవ్వులో నీళ్లు నిలిస్తే అక్కడే కుళ్లుతుంది, గుడ్డకొనతో అద్దెయ్యండి. ఎరువు డబ్బా మీద రాసినదాంట్లో పావు వంతు చాలు.

పూలు రాలిన పుల్ల సంగతా? పచ్చగా ఉంటే కింది నుంచి రెండో మూడో కణుపు దాకా ఉంచి, ఆ పైన కొయ్యండి. అక్కడినుంచే మళ్లీ పూలు రావచ్చు. ఎండిపోతే మొదలంటా తీసెయ్యండి. నాదానిలాగా నీరసించిపోతే పచ్చగా ఉన్నా తీసెయ్యడమే, ముందు అది కోలుకోవాలి. డెండ్రోబియం అని ఇంకో రకం ఆర్కిడ్ ఉంది, దానికి మాత్రం ఈ లెక్క వద్దు. ఆకులు రాలిన పాత కాడల్లోనే దానికి నీరూ బలమూ ఉంటాయి. మా చెల్లెలు ఎండినవనుకుని అన్నీ కోసేసింది. ఇప్పుడు ఖాళీ కుండీ ఉంది వాళ్లింట్లో.

మళ్లీ పూయాలంటే కొన్ని వారాలు రాత్రిళ్లు చల్లబడాలి, 15 నుంచి 18 డిగ్రీలకి. మన హైదరాబాదులో డిసెంబరు, జనవరి ఉన్నాయి కదా, ఎండ నేరుగా తగలని బాల్కనీలో పెట్టాను. మొదటి చలికాలం ఏమీ లేదు, ఒక ఆకు మాత్రం వచ్చింది. రెండో చలికాలం ఆకు కింద పచ్చటి మొన కనిపించింది. వేరో, పూలకాడో తెలియదు. వేరు మొన గుండ్రంగా ఉంటుంది, ఇది చిలకముక్కులా పక్కకి తిరిగింది. మావారిని నిద్రలేపి మరీ చూపించాను. ఉగాదికి విచ్చుకుంది, తెల్లగా, ఏడు పూలు!

ఫొటో తీసి వెంటనే వియ్యపురాలికి పంపాను. రెండు నిమిషాల్లో జవాబు.

"ఈసారి రంగు చూసుకుని కొన్నారన్నమాట వదినగారూ!"